జీతాల కోసం ఫ్యాక్టరీలే నోట్లు అచ్చేసుకున్న సంవత్సరం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరుసలో స్కూలు పిల్లలు కూడా కనిపిస్తున్నారు. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. మధ్యలో ఎక్కడైనా అంకెలు తికమకగా అనిపిస్తే చెయ్యెత్తండి, ఆగుతాను. ఎందుకంటే ఈ కథలో సున్నాలు చాలా ఎక్కువ.

ఈ ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితం చూడండి. అరచేయంత ఉంటుంది. ఒక వైపే అచ్చయింది, వెనకంతా ఖాళీ. కాగితం కూడా నోటు కాగితంలా ఉండదు, పాత నోట్‌బుక్కు అట్టలోపలి కాగితంలా ఉంటుంది. జర్మనీలో ఒక చిన్న ఫ్యాక్టరీ 1923 అక్టోబరులో తన పనివాళ్లకు కూలి కింద ఇచ్చిన నోటు ఇది. మీద రాసి ఉన్న విలువ 100 కోట్ల మార్కులు. కింద ఫ్యాక్టరీ పేరు, సీరియల్ నంబరు, రెండు సంతకాలు, ఒక ఊదారంగు ముద్ర. మధ్యలో చిన్న అక్షరాల్లో రెండు మాటలున్నాయి. ఈ చీటీ తెచ్చినవారికి మా క్యాష్ కౌంటరులో ఈ మొత్తం చెల్లిస్తాం. ఊరి పత్రికలో ప్రకటన వేశాక, అందులో చెప్పిన గడువులోగా తేకపోతే ఇది చెల్లదు. అంతే.

మన ఊళ్లలో ప్రోనోటు అంటే అందరికీ తెలుసు. ఫలానా తేదీన, ఫలానా వారి దగ్గర, ఇంత సొమ్ము, ఇంత వడ్డీకి తీసుకున్నాను అని రాస్తాం. ఈ కాగితాన్ని ఆ కళ్లతో చదవండి. ఇది ఫ్యాక్టరీ రాసిచ్చిన ప్రోనోటు. అప్పు తీసుకున్నది ఫ్యాక్టరీ. అప్పు ఇచ్చింది అక్కడ పనిచేసిన కూలివాడు. వడ్డీ లేదు. ఎప్పుడు తీరుస్తారో తేదీ లేదు. ఈ రెండూ లేకపోవడంలోనే ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఉంది. 1923 గురించి ఎవరు చెప్పినా సున్నాల గురించే చెబుతారు. నాకు మాత్రం రోజుల గురించి చెప్పాలని ఉంది. ఈ చీటీ కూలివాడి చేతిలో పడిన రోజుకీ, ఫ్యాక్టరీ దాన్ని తిరిగి తీసుకున్న రోజుకీ మధ్య గడిచిన రోజుల గురించి.

వీటిని జర్మన్‌లో నోట్‌గెల్డ్ అంటారు. ఆ మాటలో ఉన్న 'నోట్' మన కరెన్సీ నోటు కాదు. జర్మన్‌లో 'నోట్' అంటే ఆపద, ఇబ్బంది. 'గెల్డ్' అంటే డబ్బు. ఆపదలో వాడుకునే డబ్బు అన్నమాట.

ఈ అలవాటు 1923లో పుట్టింది కాదు. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే జనం వెండి నాణేలు ఇళ్లలో దాచేసుకున్నారు. చిల్లర మాయమైంది. అప్పుడే కొన్ని పట్టణాలు, కొన్ని కంపెనీలు ఒక మార్కు, రెండు మార్కుల చీటీలు అచ్చేశాయి. యుద్ధం సాగేకొద్దీ రాగి, నికెల్ ఆయుధాలకే పోయాయి. జింకు నాణేలు, ఇనుప నాణేలు వచ్చాయి, అవీ చాల్లేదు. పది ఫెన్నిగులు, యాభై ఫెన్నిగుల చీటీలు ఊరూరా పుట్టుకొచ్చాయి. ఫెన్నిగు అంటే మార్కులో నూరో వంతు. మన బస్సుల్లో చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్ వెనక ఇవ్వాల్సిన చిల్లర రాసిస్తాడు చూడండి, దిగేటప్పుడు చూపించి తీసుకుంటాం. అప్పటి చీటీ కూడా అంతే. ఎవరికీ నష్టం లేదు, పని జరిగిపోతుంది.

యుద్ధం తర్వాత, 1920 నుంచి 1922 దాకా, ఇదే ఒక సరదాగా మారింది. ఊళ్లు తమ కోటల బొమ్మలు, జానపద కథల బొమ్మలు వేసి రంగురంగుల చీటీలు అచ్చేసి, వాటిని సేకరించేవాళ్లకు అమ్ముకున్నాయి. బీలెఫెల్డ్ అనే బట్టల పరిశ్రమ ఊరు పట్టు మీద, నార బట్ట మీద, మఖమలు మీద కూడా అచ్చేసింది. మైసెన్‌లో పింగాణీతో నాణేలు చేశారు. చాలా అందంగా ఉంటాయి. సేకరణ చేసేవాళ్ల ఆల్బమ్‌లలో ముందు కనిపించేవి అవే. కానీ నా మనసు వాటి మీద లేదు. నేను తెచ్చిన చీటీలో బొమ్మ లేదు, రంగు లేదు. బొమ్మ వేయించే తీరిక కూడా లేని రోజుల్లో అచ్చయింది అది.

ఇక అసలు విషయానికి వస్తాను. జర్మనీ యుద్ధం ఖర్చు ప్రధానంగా అప్పులతో నడిపింది. యుద్ధం గెలిస్తే ఓడినవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చు అనుకుంది. ఓడిపోయింది. 1921 మేలో, యుద్ధం గెలిచిన మిత్రదేశాలు 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారం బిల్లు చేతిలో పెట్టాయి. బంగారు మార్కు అంటే బంగారంతో లెక్కగట్టే, విలువ పడిపోని మార్కు. ప్రభుత్వానికి వచ్చే పన్నులకీ, చేసే ఖర్చుకీ పొంతన లేదు. తేడా ఎంతుంటే అంతకు బాండ్లు రాసి కేంద్ర బ్యాంకుకిస్తే, కేంద్ర బ్యాంకు నోట్లు అచ్చేసి ఇచ్చేది. ఆ బ్యాంకు పేరు రైష్స్‌బ్యాంక్.

యుద్ధానికి ముందు ఒక అమెరికా డాలరుకు 4 మార్కుల 20 ఫెన్నిగులు. ఈ 4.20 అనే అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. 1923 జనవరి సగటు దాదాపు 18 వేల మార్కులు. అదే నెల 11వ తేదీన ఫ్రెంచి, బెల్జియం సైన్యాలు రూర్ లోయలోకి దిగాయి. పరిహారం కింద ఇవ్వాల్సిన బొగ్గు, కలప సరిగ్గా ఇవ్వడం లేదని కారణం చెప్పాయి. రూర్ అంటే జర్మనీ బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు. ఆక్రమించిన సైన్యం మాట వినొద్దు, పని ఆపేయండి, మీ జీతాలు మేం చూసుకుంటాం అని బెర్లిన్ ప్రభుత్వం చెప్పింది. సహాయ నిరాకరణ అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకు కొద్దికాలం ముందే, అదే దశాబ్దంలో మన దేశమూ ఆ మాటతోనే ఊగిపోయింది. కానీ అక్కడ సహాయ నిరాకరణ చేస్తున్న లక్షల మందికి వారం వారం కూలి పంపాలి. బొగ్గు లేదు, ఉత్పత్తి లేదు, పన్నులు లేవు. ఉన్నది ప్రింటింగ్ ప్రెస్ ఒక్కటే.

డాలరు జులై సగటు 3 లక్షల 53 వేల మార్కులు. ఆగస్టులో 46 లక్షల 20 వేలు. సెప్టెంబరులో 9 కోట్ల 88 లక్షలు. అక్టోబరులో 2,526 కోట్లు. నవంబరు 20న 4 లక్షల 20 వేల కోట్లు. ఇవి చదివేటప్పుడు నాకు నోట మాట రాదు. మీరు ఈ లెక్కలో రెండు అంకెలే పట్టుకోండి. సెప్టెంబరు 9 కోట్ల 88 లక్షలు, అక్టోబరు 2,526 కోట్లు. ఒక్క నెలలో 255 రెట్లు. అంటే సెప్టెంబరులో మీకు రావాల్సిన డబ్బు అక్టోబరులో ఇస్తే, మీకు అందేది 255వ వంతు.

ఇంత పెరిగేసరికి ఒక విచిత్రమైన సమస్య వచ్చింది. నోట్లు ఎక్కువైపోయాయి అని మనం అనుకుంటాం. ఆ రోజు జర్మనీలో ఉన్నవాళ్లకు మాత్రం నోట్లు చాల్లేదు. ధరలు నోట్ల కన్నా వేగంగా పరిగెత్తాయి. మొన్న అచ్చయిన నోటు ఇవాళ బ్యాంకుకు చేరేసరికి దాంతో ఏమీ రాదు. రైష్స్‌బ్యాంక్ తన సొంత అచ్చు ఆఫీసు చాలక 133 ప్రైవేటు ప్రెస్సులను పనిలో పెట్టింది. 1,783 యంత్రాలు, 30కి పైగా కాగితం మిల్లులు వీళ్ల కోసమే నడిచాయి. పాత వెయ్యి మార్కుల నోటు మీద ఎర్ర సిరాతో అడ్డంగా 'వంద కోట్ల మార్కులు' అని కొట్టి వదిలారు. బ్యాంకు అధ్యక్షుడు రుడాల్ఫ్ హావెన్‌స్టైన్ ఆగస్టు 17న లెక్క చెప్పాడు. ఇప్పుడు రోజుకు 20 లక్షల కోట్ల మార్కులు అచ్చేస్తున్నాం, వచ్చే వారం నుంచి రోజుకు 46 లక్షల కోట్లు ఇస్తాం, మొత్తం చలామణిలో ఉన్నదే 63 లక్షల కోట్లు, కాబట్టి త్వరలో ఒక్క రోజులోనే మొత్తం చలామణిలో మూడింట రెండు వంతులు ఇవ్వగలం, అని. ఆయన దీన్ని సాధించిన పనిగా చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. అంకితభావం ఉన్న పాతకాలపు అధికారి. జనానికి నోట్లు అందడం లేదు, అందించడం నా విధి అని నిజంగా నమ్మాడు. మంచి ఉద్దేశంతో చేసిన ఆ పని ఎంతమంది జీవితాలను తుడిచిపెట్టిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ ప్రసంగానికి వారం ముందు, ఆగస్టు 10న, బెర్లిన్‌లో నోట్లు అచ్చేసే కార్మికులే సమ్మె చేశారు. వాళ్ల కూలి కూడా వాళ్లు అచ్చేసిన నోట్లలోనే కదా వచ్చేది! రెండు రోజుల్లో ఛాన్సలర్ కూనో ప్రభుత్వం పడిపోయింది. ఛాన్సలర్ అంటే అక్కడ మన ప్రధానమంత్రి లాంటి పదవి. ఆ రోజుల్లో దేశమంతా నోట్ల కటకట.

ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ క్యాషియర్ దగ్గరికి వెళ్దాం. అతను ఎవరైనా కావచ్చు. మీలో జీతాల బట్వాడా చేసినవాళ్లుంటే ఆ టెన్షన్ మీకు వెంటనే అర్థమవుతుంది. శుక్రవారం మధ్యాహ్నానికి రెండువేల మందికి కూలి ఇవ్వాలి. బ్యాంకు ఖాతాలో డబ్బుంది. చెక్కు రాసుకుని పొద్దున్నే బ్యాంకుకు వెళ్లాడు. మీ ఖాతాలో సొమ్ముంది గానీ, ఇవ్వడానికి మా దగ్గర నోట్లు లేవు, నాలుగో వంతు ఇస్తాం, మిగతాది సోమవారం చూద్దాం అన్నారు. సోమవారానికి ఆ డబ్బుకు సగం విలువ కూడా ఉండదు. గేటు బయట ఆడవాళ్లు సంచులు పట్టుకుని నిలబడ్డారు. భర్త చేతిలో కూలి పడగానే అందుకుని కొట్టుకు పరిగెత్తాలి. సాయంత్రం ధర మారేలోపు రొట్టె, బంగాళాదుంపలు, కాస్త వనస్పతి దొరికితే దొరికినట్టు. ఇది కట్టుకథ కాదు. 1923 శరదృతువులో కూలి రోజువారీగా, కొన్నిచోట్ల రోజుకు రెండుసార్లు ఇచ్చేవాళ్లు. భార్యలు గేటు దగ్గర కాచుకునేవాళ్లు.

ఆ క్యాషియర్ ఏం చేయాలి? ఊళ్లో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు వేసే ప్రెస్సుకు వెళ్తాడు. ఉన్న కాగితం ఏదైతే దాని మీద కంపెనీ పేరు, మొత్తం, నంబరు వేయించుకుంటాడు. ఒకవైపే అచ్చు, ఎందుకంటే రెండోవైపు ఆరేదాకా ఆగే టైం లేదు. డైరెక్టరు సంతకం బ్లాకు చేయించి అచ్చులోనే కలిపేస్తారు. దొంగ చీటీలు రాకుండా ముద్ర కొడతారు. సాయంత్రానికి కవర్లలో పెట్టి పంచుతారు. అలా చేయకపోతే ఆ రాత్రి రెండువేల ఇళ్లలో పొయ్యి వెలగదు. అందుకే ఆ క్యాషియర్‌ను నేను తప్పుపట్టలేను. అక్కడ కూర్చుంటే నేనూ అదే చేసేవాణ్ని.

చట్టం ఏమంటుందంటే, 1922 జులైలో వచ్చిన చట్టం ప్రకారం ఇలా చీటీలు అచ్చేయాలంటే ఆర్థిక శాఖ అనుమతి తీసుకోవాలి, అంత మొత్తానికి పూచీ కట్టాలి. 1923 వేసవి దాటాక ఎవరి దగ్గరికని వెళ్తారు? అనుమతి తీసుకున్నవాళ్లున్నారు, తీసుకోనివాళ్లు అంతకంటే ఎక్కువున్నారు. ఆక్రమణలో ఉన్న రూర్ ప్రాంతానికి బెర్లిన్ నుంచి నోట్లు పంపినా దారిలో ఫ్రెంచి సైన్యం స్వాధీనం చేసుకునేది. అక్కడి కంపెనీలకూ, పురపాలక సంఘాలకూ వేరే దారే లేదు.

అచ్చేసినవాళ్ల జాబితా తీస్తే జర్మనీ పరిశ్రమల చరిత్రంతా అందులో ఉంటుంది. ఎస్సెన్‌లో క్రుప్ ఉక్కు కంపెనీ. లెవర్‌కూజెన్‌లో బేయర్, మన రైతులకు పురుగుమందుల డబ్బాల మీద తెలిసిన పేరే. లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్. మైన్ నది ఒడ్డున హెక్స్ట్ రంగుల కంపెనీ. వీళ్లందరికంటే పెద్దది రైల్వే. రైల్వే అచ్చేసిన చీటీలకు ఒక సౌకర్యం ఉంది. ఏ స్టేషన్లో ఇచ్చినా టికెట్ ఇస్తారు కాబట్టి దేశమంతా తీసుకునేవాళ్లు. చిన్న మిల్లు చీటీకి ఆ పరపతి ఎక్కడిది? ఆ ఊళ్లో కిరాణా కొట్టువాడు తీసుకుంటాడు, ఎందుకంటే అతనికి ఆ మిల్లు యజమాని తెలుసు, రేపు వెళ్లి మార్చుకోగలడు. రెండు ఊళ్లు దాటితే పనికిరాదు. కొడుకు పక్క పట్టణంలో ఆసుపత్రిలో ఉంటే, ఆ తల్లి తన దగ్గరున్న చీటీలతో అక్కడ మందు కొనలేదు. ఆ ఏడాది ఇలా చీటీలు వేసిన పట్టణాలు, జిల్లాలు, బ్యాంకులు, కంపెనీలు అన్నీ కలిపి 5,800కు పైనే. ఆర్నాల్డ్ కెల్లర్ అనే పండితుడు ఓపికగా ఒక్కొక్కటీ నమోదు చేసిపెట్టాడు కాబట్టి ఇవాళ మనకు ఆ లెక్క తెలుస్తోంది.

ఇప్పుడు ఆ ప్రోనోటు దగ్గరికి మళ్లీ వద్దాం. సెప్టెంబరు మధ్యలో ఒక కంపెనీ కూలి కింద చీటీలు ఇచ్చింది అనుకోండి. పనివాడు అదే సాయంత్రం రొట్టె కొన్నాడు. చీటీ కొట్టువాడి దగ్గరికి చేరింది. కొట్టువాడు బ్యాంకులో వేశాడు. బ్యాంకు నుంచి అది కంపెనీ దగ్గరికి తిరిగి రావడానికి మూడు వారాలు, నాలుగు వారాలు పట్టింది. కంపెనీ అప్పుడు దాని మీద రాసిన మొత్తాన్ని తు.చ. తప్పకుండా చెల్లించింది. కాగితం మీద చూస్తే ఎవరినీ మోసం చేయలేదు. కానీ నెలకు 255 రెట్లు మారిన లెక్కలో కంపెనీ చెల్లించింది ఎంత? దాదాపు ఏమీ లేదు. పనివాళ్లు చేసిన పని సరుకుగా మారి గోదాములో ఉంది. ఆ సరుకు అమ్మితే, ముఖ్యంగా విదేశాలకు అమ్మితే, డాలర్లు వస్తాయి. ఆ పనికి చెల్లించిన కూలి మాత్రం ఆవిరైపోయింది.

ఆ నష్టం ఎవరి నెత్తిన పడింది? చీటీ చేతిలో ఎన్ని రోజులుంటే అంత నష్టం. అందుకే పనివాడు గంటలో ఖర్చుపెట్టాడు, కొట్టువాడు మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు పరిగెత్తాడు, కొట్టువాడు తన నష్టాన్ని ముందే ధరలో కలిపేశాడు. ఆ ధర మళ్లీ పనివాడే కట్టాడు. దీంతో అందరికంటే ఎక్కువ నలిగింది పరిగెత్తలేనివాళ్లు. ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, పెన్షన్ మీద బతికేవాళ్లు, చంటిబిడ్డల తల్లులు. క్యూలో ముందు నిలబడలేకపోవడమే వాళ్లు చేసిన నేరం.

ఇందులో కేంద్ర బ్యాంకు పాత్ర గురించి నిక్కచ్చిగా చెప్పాలి. రైష్స్‌బ్యాంక్ ఈ చీటీలను నోట్లతో సమానంగా తన కౌంటర్లలో తీసుకునేది. అలా తీసుకోకపోతే వాటిని ఊళ్లో ఎవరూ నమ్మరు, నిజమే. కానీ తీసుకోవడం వల్ల ఏమైందంటే, ప్రతి కంపెనీకీ తన సొంత టంకశాల దొరికినట్టయింది. అది చాలదన్నట్టు అప్పులు కూడా నామమాత్రపు వడ్డీకే ఇచ్చింది. 1922 జులై దాకా రైష్స్‌బ్యాంక్ వడ్డీ ఏడాదికి నూటికి 5. తర్వాత కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చి 1923 సెప్టెంబరులో 90కి చేర్చారు. తొంభై అంటే భయంకరంగా వినిపిస్తుంది. కానీ అది ఏడాదికి. ధరలు నెలకే వందల రెట్లు పెరుగుతుంటే ఏడాదికి 90 శాతం అంటే ఉచితంగా ఇచ్చినట్టే. అప్పు తెచ్చి గనులు, ఓడలు, హోటళ్లు, పత్రికలు కొని, అప్పును చెల్లని కాగితాలతో తీర్చి హ్యూగో స్టిన్నెస్ అనే పారిశ్రామికవేత్త లాంటివాళ్లు సామ్రాజ్యాలే కట్టుకున్నారు. ఆపదలో పనివాడి పొయ్యి వెలిగించడానికి పుట్టిన చీటీ, ఆ దారినే వెళ్లింది. ఒకే కాగితం, క్యాషియర్ చేతిలో ఉన్నప్పుడు ఆదుకునే చెయ్యి, కంపెనీ లెక్కల పుస్తకంలో లాభం. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేస్తే ఆ రోజుల్ని మనం సగమే చూసినట్టు.

పనివాళ్లకు ఇది అర్థం కాలేదనుకోకండి. వాళ్లకే ముందు అర్థమైంది. కార్మిక సంఘాలు అడిగింది ఒక్కటే. విలువ మారని లెక్కలో కూలి ఇవ్వండి. అక్టోబరు కల్లా ఇంకో రకం చీటీలు వచ్చాయి. వాటిని విలువ నిలిచే చీటీలు అన్నారు. వాటి మీద కోట్లు లేవు. ఒక బంగారు మార్కు, రెండు బంగారు మార్కులు, లేకపోతే 4.20 బంగారు మార్కులు అని ఉంటుంది. 4.20 గుర్తుందా? యుద్ధానికి ముందు ఒక డాలరు. హెక్స్ట్ కంపెనీ తన చీటీల మీద డాలరు లెక్కే వేసింది. ప్రభుత్వం ఆగస్టులో డాలరు విలువతో ముడిపెట్టి ఒక బంగారు రుణం తీసింది. ఆ బాండ్లను పూచీగా పెట్టుకుని ఈ చీటీలు వేయొచ్చన్నారు. హాంబుర్గ్ వర్తకులైతే తమలో తాము కలిసి 1923లోనే ఒక బ్యాంకు పెట్టి, బంగారు మార్కుల లెక్కతో చీటీలు ఇచ్చారు.

దీన్ని కాస్త ఆగి చూడండి. అదే ప్రెస్సు, అదే కాగితం, అదే కంపెనీ సంతకం. మారింది ఒక్క వాక్యం. 'ఇన్ని కోట్ల మార్కులు ఇస్తాం' అన్నచోట 'ఇన్ని డాలర్ల విలువ ఇస్తాం' అని రాశారు. ఇప్పుడు చీటీ తిరిగి రావడానికి నెల పట్టినా, కంపెనీ చెల్లించాల్సింది తగ్గదు. ఆలస్యం ఖర్చు కంపెనీ నెత్తిమీదే పడుతుంది. ముందు రకం చీటీలో ఆ ఖర్చంతా పనివాడిది. ఒక వాక్యంతో బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారింది. నా దగ్గరున్నది మొదటి రకం. రెండో రకం చీటీ ఒకటి సంపాదించాలని పదేళ్లుగా చూస్తున్నాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి మీలాంటివాళ్లకు చూపించాలని నా కోరిక.

సెప్టెంబరు 26న కొత్త ఛాన్సలర్ ష్ట్రెసెమన్ రూర్‌లో సహాయ నిరాకరణ ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. రాజకీయంగా అది ఓటమి. కానీ ఖజానాకు పడ్డ పెద్ద గండిని పూడ్చడం అక్కడే మొదలైంది. నవంబరు 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త నోటు వచ్చింది. వ్యవసాయ భూముల మీద, పరిశ్రమల మీద వేసిన తాకట్టు దానికి పూచీ. నిజానికి ఎవరూ ఆ నోటు పట్టుకెళ్లి పొలం ముక్క అడగలేరు. దాన్ని నిలబెట్టింది పరిమితి. 240 కోట్ల రెంటెన్‌మార్కులకు మించి అచ్చేయకూడదు. అదే రోజు నుంచి ప్రభుత్వ బాండ్లకు రైష్స్‌బ్యాంక్ నోట్లు అచ్చేసి ఇవ్వడం ఆగిపోయింది. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక రెంటెన్‌మార్క్.

కొత్త కరెన్సీ కమిషనర్‌గా హ్యాల్మర్ షాఖ్ట్ అనే బ్యాంకరును పెట్టారు. ఆర్థిక శాఖ భవనంలో వెనకవైపు, చీపుర్లు, తుడిచే సామాను పెట్టుకునే ఒక చీకటి గది ఆయన ఆఫీసు. ఒక సెక్రటరీ, ఒక టెలిఫోను. ఆయన తర్వాత కాలంలో హిట్లర్ ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు, ఆ సంగతి మరిచిపోకూడదు. కానీ ఆ నవంబరులో ఆయన తీసుకున్న ఒక నిర్ణయం మన కథకు చాలా ముఖ్యం. నవంబరు 22 తర్వాత రైష్స్‌బ్యాంక్ నోట్‌గెల్డ్ తీసుకోదు అని చెప్పేశాడు. అంటే ప్రతి కంపెనీ టంకశాలకూ తాళం వేసినట్టు. ఎవరి చీటీలకు వాళ్లే జవాబు చెప్పుకోవాలి.

కంపెనీలు, పట్టణాల పెద్దలు మండిపడ్డారు. నవంబరు 25న కొలోన్‌లో పెద్ద సమావేశం జరిగింది. ఆక్రమణలో ఉన్న ప్రాంతాల వ్యాపారులు, అధికారులు అందరూ వచ్చారు. చీటీలు లేకపోతే జీతాలెలా ఇవ్వాలి, పనులు ఆగిపోవా, జనం తిరగబడరా అని నిలదీశారు. వాళ్లు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. షాఖ్ట్ మెత్తబడలేదు. అచ్చేసుకున్న చీటీలు తీర్చాలంటే దాచుకున్న డాలర్లు, పౌండ్లు బయటికి తీసి అమ్మాలి. అమ్మారు. కొలోన్ బయటి మార్కెట్లో ఆ రోజుల్లో 11 లక్షల కోట్ల మార్కులు దాటిన డాలరు, డిసెంబరు రెండో వారానికి 4 లక్షల 20 వేల కోట్లకు దిగొచ్చింది. ఆ సున్నాలు పక్కన పెట్టి చూడండి. లక్ష కోట్లకు ఒక రెంటెన్‌మార్క్ అంటే, డాలరుకు సరిగ్గా 4.20. యుద్ధానికి ముందు ఉన్న అంకె. దాచుకున్న సొమ్ముంది కాబట్టే వాళ్లు అంత త్వరగా అమ్మగలిగారు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా గేటు బయట సంచులతో నిలబడ్డ ఆడవాళ్లే నా కళ్ల ముందు కనిపిస్తారు. వాళ్ల దగ్గర అమ్మడానికి అప్పటికే ఏమీ మిగల్లేదు.

హావెన్‌స్టైన్ నవంబరు 20న చనిపోయాడు, డాలరు నిలబడిన అదే రోజున.

తర్వాత నెలల్లో ఊళ్ల పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి. ఫలానా కంపెనీ ఫలానా తేదీ ముద్ర ఉన్న తన చీటీలను వెనక్కి తీసుకుంటోంది, ఈ గడువులోగా తెచ్చివ్వగలరు అని. ఎవరు తీసుకెళ్తారు? నా చేతిలో ఉన్న ఈ నోటు లెక్కే చూడండి. 100 కోట్లు. నవంబరు చివరి ధరకు ఒక డాలరు కావాలంటే ఇలాంటివి 4,200 కావాలి. బెర్లిన్‌లో నవంబరులో ఒక రొట్టె 20 వేల కోట్ల మార్కులు, అంటే ఇలాంటివి 200. ట్రామ్ ఎక్కి ఫ్యాక్టరీ కౌంటరుకు వెళ్లడానికే అంతకన్నా ఎక్కువ ఖర్చు. అందుకే ఇవి వెనక్కి వెళ్లలేదు. పుస్తకాల మధ్య, బీరువా అరల్లో, పెట్టెల అడుగున ఉండిపోయాయి. అలా ఉండిపోయిన ప్రతి చీటీ తీరని అప్పే. ఇది కూడా అంతే. దీని మీద సంతకం పెట్టినవాళ్లు ఎవరో, దీన్ని కూలిగా తీసుకున్న మనిషి ఎవరో నాకు తెలియదు. ఆ వంద కోట్లు మాత్రం ఎవరూ చెల్లించలేదు.

నోటు ఈ బల్ల మీద పెడుతున్నాను. కవరు తియ్యకుండా చేత్తో పట్టుకుని చూడొచ్చు, పిల్లలు ముందు రండి. ముందువైపు చూశాక తప్పకుండా వెనక్కి తిప్పండి. ఖాళీగా ఉందన్నాను కదా, అచ్చు లేదు గానీ కింది మూల పెన్సిల్‌తో ఎవరో లెక్క వేసుకున్నారు. నాలుగు వరుసలు. పక్కన పొట్టి అక్షరాల్లో రొట్టె, బొగ్గు, అద్దె అని ఉంది. నాలుగో వరుస దగ్గర ఏం రాశారో ఎన్నిసార్లు చూసినా నాకు అందలేదు, చెరిపేశారు. మీ కళ్లు చిన్నవి, చురుకైనవి. చదవగలిగితే నాకు చెప్పండి.